వారసులు లేని సమాధులు

పాపాఘ్ని ఒడ్డున వేంపల్లె చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా అరుగు మీదా, వసారాలోనూ కడప బండే కనిపిస్తుంది. ఉండే ఇంటికి రాయిని నమ్ముకున్న సీమ ఇది. ఇనుము కరిగించడం నేర్చిన ఆ పాతకాలపు జనం పోయినవాళ్ల ఇంటికీ రాయినే నమ్ముకున్నారు. క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా దక్షిణాదిన వాళ్లు కట్టిన సమాధులను చరిత్రకారులు బృహత్ శిలా సమాధులంటారు. ఊళ్లో జనానికి మాత్రం అవి రాక్షస గుళ్లు, పాండవ గుళ్లు.

ఆ కట్టడంలో పనితనం చూడండి. ముందు గొయ్యి తవ్వి అడుగున ఒక బండ పరిచేవారు. నాలుగు వైపులా నాలుగు బండలు నిలిపేవారు. ఒక్కో బండ అంచు పక్కదాన్ని దాటి ముందుకొచ్చేలా, స్వస్తిక ఆకారంలో పేర్చేవారు. చుట్టూ ఉన్న మట్టి నెట్టేకొద్దీ బండలు ఒకదాన్నొకటి పట్టుకుని మరింత బిగుసుకుంటాయి. సున్నం లేదు, మేకు లేదు. పైన మూతబండ, చుట్టూ గుండ్రాళ్ల వలయం. చాలాచోట్ల ఒక బండకు గుండ్రని రంధ్రం తొలిచారు. మన సరిహద్దు దాటగానే కర్ణాటకలో ఉన్న బ్రహ్మగిరిలో 1947లో మార్టిమర్ వీలర్ తవ్విన సమాధుల్లో ఆ రంధ్రం తూర్పు ముఖంగా ఉంది. ఒక్కో గదిలో పలువురి ఎముకలు దొరికాయి. దేహాన్ని మొదట వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి తమవాళ్ల మధ్య చేర్చేవారన్నమాట. పక్కన ఎరుపు నలుపు కలిసిన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారు.

కొన్నిచోట్ల కాళ్లున్న మట్టి తొట్టెల్లో ఎముకలు ఉంచారు. రాయలసీమలోని శంఖవరంలో దొరికిన తొట్టె అచ్చం పొట్టేలు ఆకారంలోనే ఉంది. గొర్రెల మందలతో బతికిన సీమకు అంతకన్నా ఆత్మీయమైన రూపం ఏముంటుంది?

చిత్తూరు ప్రాంతంలోని ఇరళబండ పాండవ గుళ్ల మీద కంపెనీ సైన్యాధికారి న్యూబోల్డ్ రాసిన వ్యాసం 1850ల్లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. సురపురం సంస్థానంలో పనిచేసిన మెడోస్ టేలర్ అక్కడి సమాధులు తవ్వించి, ఆ వివరాలను 1860ల్లో డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ముందుంచాడు. ఐర్లండ్ రాతి సమాధులకూ వీటికీ చుట్టరికం ఉందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తర్వాత నిలవలేదు. క్రీ.పూ. 3200 నాటి ఐర్లండ్ న్యూగ్రేంజ్ మన సమాధులకన్నా ఎన్నో శతాబ్దాలు పెద్దది. అయినా ఏటా డిసెంబరు చివర్లో పొద్దు పొడవగానే వెలుగు దాని లోపలి గదిని తాకుతుంది. పోయినవాళ్లకు వెలుతురు దారి వదలాలన్న తపన అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

తేడా కాపాడుకోవడంలోనే ఉంది. మన దగ్గర కూడా వారసులున్న సమాధులకు లోటు లేదు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధికీ, కడప పెద్ద దర్గాకూ మతం చూడకుండా జనం వస్తారు. 1827లో పత్తికొండలో చనిపోయిన థామస్ మన్రోను మొదట పూడ్చిన గుత్తి శ్మశానం కూడా చరిత్రకెక్కింది. రాక్షస గుళ్లకు మాత్రం నా వాళ్లనేవాళ్లు లేరు. ఒకప్పుడు భయం వాటికి కాపలా కాసింది. ఇప్పుడా భయం పోయింది, దాని చోట గౌరవం రాలేదు. క్వారీకి రాయి కావాలి, చేను చదును కావాలి. గుప్తనిధుల పిచ్చివాళ్లు రాత్రికి రాత్రి మూతబండలు పగలగొడుతున్నారు. సాధారణంగా అక్కడ దొరికేది ఎముకలు, పెంకులు, తుప్పు పట్టిన ఇనుమే. అయితే ఆ పెంకు ఏ లోతులో, ఏ ఎముక పక్కన ఉందో తెలిస్తేనే చరిత్ర తెలుస్తుంది. ఒకసారి కెలికాక మళ్లీ చదవలేం.

భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. చట్టం ఒక్కటే చాలదు. గుట్ట కింద రాళ్ల వలయం కనిపిస్తే సర్వే నంబరుతో సహా పంచాయతీలో రాయించాలి, పురావస్తు శాఖకు కబురు చేయాలి. బడి పిల్లలను తీసుకెళ్లి చూపించాలి. ఆ సమాధుల్లో ఉన్నవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు దున్నిన నేలనే దున్నుతున్నాం, వాళ్లు తాగిన ఏటి నీళ్లే తాగుతున్నాం. వారసత్వానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.