గోధుమలు తెచ్చిన గ్రంథములు

ఒక దేశపు గ్రంథములు వేరొక దేశమును జేరుటకు సాధారణముగ మూడు త్రోవలు కలవు. వర్తకుడు సరకులతో గూడ గొనివచ్చుట మొదటిది. మతప్రచారకుడు తన బోధకు సాధనముగ గొనివచ్చుట రెండవది. రాజో, రసికుడో తన వేడుకకై తెప్పించుకొనుట మూడవది. ఆంగ్లేయుల గ్రంథములు తెలుగుదేశమునకు ఈ మూడు త్రోవలను వచ్చినవి. అమెరికా గ్రంథములు మాత్రము విశేషసంఖ్యలో నాలుగవ త్రోవను వచ్చినవి. ఆ త్రోవ కొరతకాలమున దిగుమతియైన గోధుమలది. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున 1964లో నెలకొన్న అమెరికా గ్రంథభాండారముయొక్క పుట్టుక ఈ గోధుమల కథతో ముడివడియున్నది. ఆ కథ నెరుగనివారికి అందలి సంపుటములు పాతబడిన పరదేశపు పుస్తకములుగనే తోచును. ఎరిగినవారికి అవి రెండు దేశముల నడుమ జరిగిన యొక గొప్ప వినిమయమునకు సాక్ష్యములు.

ప్రాచీనగ్రంథముల విలువ

అమెరికాలో ఆంగ్లేయుల వలసరాజ్యములందు ముద్రణము 1639 ప్రాంతమున మసాచుసెట్సులోని కేంబ్రిడ్జియందు ప్రారంభమైనది. 1640లో అచట అచ్చయిన కీర్తనల పుస్తకమును ఆ వలసలలో ముద్రితమైన మొదటి గ్రంథముగ బరిగణింతురు. దానిప్రతులు పదునొకండు మాత్రమే నేటికి నిలిచియున్నవి. వానిలో నొకటి 2013లో న్యూయార్కు వేలమునందు 1 కోటి 41 లక్షల డాలర్లకు మించి పలికినది. అచ్చుచిత్రములలో నింతటి ప్రసిద్ధి జాన్ జేమ్స్ ఆడుబాన్ రచించిన అమెరికా పక్షుల చిత్రములకు గలదు. 1827 మొదలు 1838 వరకు బ్రిటనులో అచ్చయి, చేతితో రంగులద్దబడిన ఆ 435 చిత్రములలో పక్షులు నిజపరిమాణమున గనబడును. పెద్ద పక్షులకు దగినంత పెద్ద కాగితముపైనే అన్నిటిని ముద్రించిరి.

ఇట్టివానిని గూర్చువారు ముఖ్యముగ మూడు సంగతులను విచారింతురు. ప్రతి ప్రథమముద్రణమునకు జెందినదా యనునది మొదటి విచారము. కట్టు, పుటలు, చిత్రములు చెడక యున్నవా యనునది రెండవది. ఆ ప్రతి యెవరి చేతులు మారి వచ్చినది యనునది మూడవది. ఈ మూడవది సామాన్యముగ అట్టపైనను, మొదటి పుటపైనను గల ముద్రలవలనను, సంతకములవలనను దెలియును. తెలుగుదేశమునకు వచ్చిన అమెరికా గ్రంథములలో మొదటి రెండు గుణములు గలవి స్వల్పముగ నుండవచ్చును. వాని విశేషము మూడవ గుణమునందు గలదు.

తెలుగువారికి ఈ విచారము క్రొత్తది కాదు. తెలుగున అచ్చయిన తొలి పుస్తకములు 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ పూనికచే వెలువడినవి. తమ భాషలోని మొదటి అచ్చుప్రతులకై తెలుగు పరిశోధకులు సముద్రముల కావలి గ్రంథాలయములవైపు జూడవలసివచ్చుటకు ఆనాడే పునాది పడినది.

తొలి రాకపోకలు

అమెరికనులు పుస్తకములతో తెలుగుదేశమున బ్రవేశించుట పందొమ్మిదవ శతాబ్దిలో మొదలైనది. బాప్టిస్టు సంఘమునకు జెందిన సామ్యూల్ డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరు కేంద్రముగ బనిచేయ నారంభించెను. లూథరన్ సంఘమువాడగు హేయర్ 1842లో గుంటూరు జేరెను. వీరివెంట వచ్చినవి ప్రధానముగ మతగ్రంథములును, పాఠశాలల కుపయోగించు పుస్తకములును.

అదే శతాబ్దిలో పుస్తకములు ఎదురుదిశగ నడచుటయు గలదు. అమెరికా తాత్త్వికుడగు హెన్రీ డేవిడ్ థోరోకు 1855లో థామస్ చమ్లీ యను ఆంగ్లేయ మిత్రుడు భారతీయ విషయములకు సంబంధించిన 44 సంపుటములను గానుకగ బంపెను. థోరో అంతకుముందే భగవద్గీతను జదివి, 1854లో వెలువరించిన తన 'వాల్డెన్' గ్రంథమున దానిని బ్రశంసించియుండెను. 1886 డిసెంబరు 28వ తేదీన మదరాసు అడయారులో దివ్యజ్ఞానసమాజపు గ్రంథాలయమును స్థాపించిన కర్నల్ ఆల్కాటు సైతము అమెరికా దేశీయుడే. ఆయన తన దేశపు పుస్తకములకంటె ఈ దేశపు తాళపత్రములయందే యధికశ్రద్ధ వహించెను. ఈ రాకపోకలన్నియు వ్యక్తుల యభిరుచిపైనను, ఔదార్యముపైనను ఆధారపడినవి. ప్రభుత్వములు పూనుకొని వేలకొలది గ్రంథములను గదలించుటకు మరియొక కారణము కావలసివచ్చెను.

గోధుమల ఋణము

ఆ కారణము ఆహారపు కొరత. స్వాతంత్ర్యానంతరము దేశమున ధాన్యము చాలకపోగా, 1951లో అమెరికా శాసనసభ భారతదేశమునకు గోధుమలు కొనుటకై 19 కోట్ల డాలర్ల ఋణము నొసగుటకు శాసనము చేసెను. ఆ ఋణముపై వచ్చు వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు విద్యావినిమయమునకు వినియోగింపవలెనని అందొక నియమము గలదు. దానినిబట్టి భారతదేశపు విశ్వవిద్యాలయములకు అమెరికా గ్రంథములును, శాస్త్రపరికరములును, అమెరికా గ్రంథాలయములకు భారతీయ ప్రకటనలును జేరుట సంభవించెను. తిన్న గోధుమలకు వడ్డీ పుస్తకరూపమున ముట్టుట లోకమున బహు అరుదైన సంగతి.

ఇంతకంటె విపులమైన యేర్పాటు 1954 జూలై 10వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆమోదించిన 480వ సంఖ్యగల శాసనముచే గలిగెను. తెలుగునాట సామాన్యులు సైతము 'పీఎల్ 480' అని పిలిచినది దీనినే. దీని పద్ధతి యిది. అమెరికా తన మిగులు ధాన్యమును విక్రయించును. భారతదేశము దాని వెలను డాలర్లలో గాక రూపాయలలో జెల్లించును. ఆ రూపాయలు అమెరికా ప్రభుత్వపు లెక్కలో జేరి ఈ దేశముననే యుండును. ఇట్లు పోగైన ధనమును ఎట్లు వినియోగింపవలెనను ప్రశ్నకు లభించిన సమాధానములలో గ్రంథసేకరణమొకటి. 1958లో చేసిన సవరణచే అమెరికా శాసనసభా గ్రంథాలయమునకు ఈ ధనముతో పరదేశపు గ్రంథములను గొనుటకు వీలుకలిగెను. 1962లో న్యూఢిల్లీయందు దాని కార్యాలయము పని ప్రారంభించెను.

నాటినుండి తెలుగు పుస్తకములకొక క్రొత్త గతి యేర్పడెను. విజయవాడలోనో, రాజమహేంద్రవరములోనో అచ్చయిన నవలయు, కావ్యమును, విమర్శగ్రంథమును ఢిల్లీ జేరి, పట్టికకెక్కి, ఒక్కొక్కటి పలు ప్రతులుగ అమెరికా విశ్వవిద్యాలయములకు బోవుచుండెను. కొనువారికి ప్రమాణము పరిశోధనోపయోగమేగాని గ్రంథకర్త కీర్తి కాదు. అందుచే తెలుగునాట పండితులు చేయివేయని పుస్తకములకును అచట చోటు దొరకెను. చికాగో, విస్కాన్సిన్, బర్కిలీ మున్నగు విశ్వవిద్యాలయములు ఇట్లు గ్రంథములను బొందినవానిలోనివి. 1971లో వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేరి తెలుగు బోధింప నారంభించునాటికే తెలుగు గ్రంథముల రాక దాదాపు ఒక దశాబ్దమునుండి సాగుచుండెను. ఇచట పాతకాగితముల వర్తకుని తక్కెడ కెక్కిన చిన్నపుస్తకములు అచట సంఖ్య వేయబడి బీరువాలలో నిలిచినవి.

ఉస్మానియా ప్రాంగణమున

ఈ వినిమయపు రెండవ పార్శ్వమే హైదరాబాదులోని అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రము. 1918లో ఉర్దూ బోధనభాషగ స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1964లో ఇది వెలసెను. అమెరికా సాహిత్యము, చరిత్రము, రాజనీతి మున్నగు విషయములందు ఇచట గూర్చబడిన గ్రంథసంచయము ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదిగ బేరొందెను. యూటా విశ్వవిద్యాలయాచార్యుడగు విలియం మల్డర్ తొలినాళ్ళలో దీనికి సంచాలకత్వము వహించెను. తరువాతికాలమున ఉస్మానియా ఆంగ్లాచార్యుడగు ఐజాక్ సెక్వేరా ఆ భారమును మోసెను. 1969 మొదలు అమెరికా అధ్యయనములకు సంబంధించిన యొక పత్రికయు ఇచటినుండి వెలువడెను.

దీని ఫలమును గుర్తించుటకు అంతకుముందటి స్థితి నెరుగవలెను. భారతదేశపు కళాశాలలలో ఆంగ్లసాహిత్యమనగా ఇంగ్లండు సాహిత్యమే. ఎమర్సన్, థోరో, విట్మన్, మెల్విల్ మున్నగువారి పేర్లు విన్నవారుండిరి గాని, వారినిగూర్చి పరిశోధన సేయుటకు వలసిన మూలగ్రంథములును, విమర్శలును, పత్రికల పాతసంపుటములును ఒక్కచోట లభింపవయ్యెను. ఈ కేంద్రము వచ్చినపిమ్మట దేశపు నానాభాగములనుండి అధ్యాపకులు హైదరాబాదు వచ్చి, కొన్ని వారములు నిలిచి, కావలసిన గ్రంథములను జదివి, తమ వ్యాసములను బూర్తిచేసికొని పోవుట యాచారమయ్యెను. అమెరికా సాహిత్యము భారతీయ విశ్వవిద్యాలయములలో వేరు పాఠ్యవిషయముగ నిలద్రొక్కుకొనుటకు ఈ సంచయము ముఖ్యాధారమయ్యెను. భగవద్గీతను జదివిన థోరోను గూర్చి భారతీయుడు హైదరాబాదున గూర్చుండి పరిశోధించుటతో, నూరేండ్లకు బూర్వము బయలుదేరిన గ్రంథములకు బ్రత్యుత్తరము వచ్చినట్లయ్యెను.

తెలుగు పాఠకలోకమునకు అమెరికా రచనలు వేరొక త్రోవను గూడ జేరుచుండెను. నండూరి రామమోహనరావు మార్క్ ట్వేన్ రచించిన 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్' గ్రంథములను తెలుగు చేసి బాలురకును పెద్దలకును బ్రియములు గావించెను. అనువాదము గ్రంథమును ఇంటింటికి జేర్చును. భాండారము మూలమును నిలిపియుంచును. ఈ రెండును గలిసినపుడే పరదేశసాహిత్యపరిచయము సమగ్రమగును.

ధనము తగ్గినపిమ్మట

ధాన్యముచే బుట్టిన ధనము శాశ్వతము కాదు. 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహన్ 1,664 కోట్ల రూపాయలకు ఒకే చెక్కు వ్రాసి భారతప్రభుత్వమునకు సమర్పించెను. అంతటితో పోగైన రూపాయలలో అధికభాగపు లెక్క తీరిపోయెను. మిగిలిన భాగముతో విద్యావినిమయ కార్యములు మరికొన్ని యేండ్లు సాగెను. 1990ల దశకమునాటికి అమెరికా ప్రభుత్వపు సాహాయ్యము సన్నగిల్లెను. హైదరాబాదు కేంద్రము అంతర్జాతీయాధ్యయన కేంద్రముగ బేరు మార్చుకొనెను. పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యక్రమముల కేంద్రముగ మారెను. పేరు మారినంతమాత్రమున గ్రంథములు మారవు. కాని యే యుద్దేశముతో నవి కూర్చబడెనో యా యుద్దేశము మరుగుపడినచో, ఏది యుంచవలెనో ఏది తీసివేయవలెనో నిర్ణయించుట దుర్ఘటమగును.

దీనికి దోడు కాగితపు గుణమొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమునుండి కాగితమును గుడ్డపీలికలకు మారుగ కొయ్యగుజ్జుతో జేయుట ప్రబలెను. సిరా వ్యాపింపకుండుటకై వాడిన పటిక కాగితమున ఆమ్లమును బుట్టించి, కాలక్రమమున పుటలను పెళుసు చేయును. అమెరికాలో వర్జీనియావాసియగు విలియం బారో 1950ల దశకమున పాతపుస్తకముల కాగితములను బరీక్షించి ఈ దోషమును వెల్లడించెను. కావున 1640 నాటి గుడ్డకాగితపు గ్రంథముకంటె 1890 నాటి గ్రంథమే ముందుగ నశించు ప్రమాదము గలదు. మన తాళపత్రములకును ఆయుఃపరిమితి యున్నది. కాని పత్రము శిథిలమగుటకు ముందే లేఖకునిచే క్రొత్తప్రతి వ్రాయించుట మనవారి యాచారము. అచ్చుపుస్తకమునకు అట్టి పునర్జన్మము తానై రాదు. ఛాయాప్రతియో, యంత్రప్రతియో బుద్ధిపూర్వకముగ జేయింపవలెను.

ఈ పనికి హైదరాబాదుననే యొక నిదర్శనము కలదు. అబ్దుస్ సమద్ ఖాన్ యను సేకర్త దీర్ఘకాలము శ్రమపడి ప్రాత ఉర్దూ గ్రంథములను, పత్రికలను గూర్చెను. చికాగో విశ్వవిద్యాలయము మున్నగు అమెరికా సంస్థల తోడ్పాటుతో ఆ సంచయము బాగులింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమున నిలిచెను. 2000 ఆగస్టులో నగరమును ముంచిన వరదలో ఆ గ్రంథములు తడిసిపోయెను. పిదప వానిని ఆరబెట్టి బాగుచేయుటకు బహుప్రయాసము పడవలసివచ్చెను. సేకరించుటకు ఒక జీవితకాలము పట్టిన గ్రంథములను నీరు ఒక్కరాత్రిలో దాకినది. కొనుటకు దొరకిన ధనములో నొకభాగమైనను రక్షణకు ముందుగ వేరుచేసి యుంచవలెనని ఈ యుదంతము తెలుపుచున్నది.

చేయదగిన పని

నగరమునకు ఉత్తరమున తూంకుంట, శామీర్‌పేట ప్రాంతము క్రొత్తగ విద్యాస్థానమైనది. 1998లో నెలకొల్పబడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమును, 2008లో ప్రారంభమైన పిలానీ సంస్థవారి హైదరాబాదు ప్రాంగణమును ఆ చుట్టుపట్టులనే యున్నవి. అమెరికా శాసనచరిత్రమును గాని, విజ్ఞానచరిత్రమును గాని శోధించు విద్యార్థికి ఆ నగరముననే అరువదియేండ్లకు బూర్వము గూర్చబడిన మూలగ్రంథములున్న సంగతి తెలియుట యవసరము. దానికి వలసినది క్రొత్త ధనముకంటె ముందుగ నొక మంచి పట్టిక.

ఆ పట్టికలో గ్రంథనామము, కర్త, ముద్రణసంవత్సరము మాత్రమే చాలవు. ప్రతిపై గల ముద్రలు, దానము చేసినవారి పేర్లు, అది యే పథకముక్రింద వచ్చినదో తెలుపు గుర్తులు సైతము వ్రాయవలెను. అచ్చుచిత్రములుగల సంపుటములయందు చిత్రముల సంఖ్య సరిచూడవలెను. ఏలయన చిత్రములను విడదీసి వేరుగ నమ్ముట సర్వదేశములందును ప్రాతపుస్తకముల వర్తకులకు వాడుక. ఆదివారమున ఆబిడ్స్ బాటప్రక్కల ప్రాతపుస్తకములను వెదకు రసికులును ఈ నియమమునే పాటింపదగును. చౌకవెలకు దొరకిన అమెరికా పుస్తకముపై గ్రంథాలయముద్ర యుండినచో దానిని చెరిపివేయక, అది న్యాయముగ విడుదలయైనదో కాదో విచారించి, వ్రాసియుంచవలెను. ముద్ర చెరిపిన పుస్తకము తన చరిత్రమును గోల్పోవును. చించిన చిత్రము తన గ్రంథమునే కోల్పోవును.

తెలుగు పుస్తకములు అమెరికాలో నిలిచినది వానిని గొన్నందుననే కాదు. ప్రతిదానిని బట్టికకెక్కించి, పాఠకుడు కోరినపుడు చూపగలిగినందున. అదే గోధుమల ధనముతో ఈ దేశమునకు వచ్చిన అమెరికా గ్రంథములకును అట్టి యుపచారము చేయుట న్యాయము. నాడు ఆకలి తీర్చిన ధాన్యము ఆ యేటనే వ్యయమైపోయెను. దాని వెలతో వచ్చిన పుస్తకములు మాత్రము జాగ్రత్తపరచినచో మరి రెండుమూడు తరముల కుపయోగపడగలవు.