డిక్కీ కథ

కారు వెనకాల సామాన్లు పెట్టుకునే అరని మనం డిక్కీ అంటాం. మాట మనది కాదు. పోనీ ఇంగ్లీషువాళ్లదా అంటే, వాళ్లు దాన్ని బూట్ అంటారు. అమెరికావాళ్లు ట్రంక్ అంటారు. గుర్రబ్బండ్ల రోజుల్లో దొరగారు లోపల కూర్చుంటే, నౌకరు కూర్చోడానికి బండి వెనకాల ఉండే సీటుని డిక్కీ అనేవారు. కార్లు వచ్చాక, రెండు సీట్ల కార్లకి వెనక మడత విప్పి వేసుకునే సీటుకీ అదే పేరు వచ్చింది. తర్వాత నౌకరు దిగిపోయాడు, సీటూ పోయింది. ఆ చోట్లో మన ఆవకాయ జాడీలూ అరటిగెలలూ చేరాయి. పేరు మాత్రం మన దేశంలో మిగిలిపోయింది.

ఎడ్లబండికి వెనక తలుపే లేదు, ఇక తాళం మాటెక్కడ? 1957లో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్ కారుకి తాళంచెవి పట్టుకుని వెనక్కి నడిచి వెళ్లాల్సిందే. ఆ తర్వాత డ్రైవరు సీటు పక్కన చిన్న మీట వచ్చింది. దాన్ని లాగితే, వెనకదాకా పోయే ఉక్కుతీగ గడియని లాగేది. ఇప్పుడు ఆ లాగే పని కరెంటు చేస్తోంది. మనం స్విచ్చి నొక్కితే చాలు.

నొక్కితే తెరుచుకోకపోతేనో? రోలుగుంటలో మా కారు డిక్కీకి ఈమధ్య అదే జబ్బు పట్టుకుంది. ఒకసారి తెరుచుకుంటుంది, నాలుగుసార్లు మొండికేస్తుంది. నర్సీపట్నం నుంచి వచ్చిన మెకానిక్కు కుర్రాడు పనిముట్లేవీ బయటికి తియ్యలేదు. "అమ్మగారూ, మీరు స్విచ్చి నొక్కండి, నేను సప్పుడు వింటాను" అన్నాడు. చప్పుడు వచ్చీ తెరుచుకోకపోతే రోగం గడియది. చప్పుడే రాకపోతే కరెంటుది. చప్పుడు రాలేదు.

"ఫ్యూజు పోయిందేమో నాయనా" అన్నాను.

"ఫ్యూజు పోతే పూర్తిగా పోద్దమ్మా. ఒకసారి పన్చేసి ఒకసారి మానేస్తోందంటే ఎక్కడో తీగ తగిలీ తగలకుండా ఉంది" అన్నాడు.

వైద్యుడు నాడి పట్టుకున్నట్టే ఉంది! వెనక సీటు మడిచి, లోపలికి దూరి, గడియని చేత్తో తీశాడు. డిక్కీ మూతకీ కారుకీ మధ్య తీగలు పోయే రబ్బరు గొట్టం ఒకటుంది. మూత ఎత్తినప్పుడల్లా అది వంగుతుంది. ఒక చిన్న బల్బుకి రెండు తీగలు కట్టి, ఒకటి కారు ఇనుముకి ఆనించి, రెండోదాన్ని గొట్టానికి ఈవల తీగకి తగిలించి నన్ను స్విచ్చి నొక్కమన్నాడు. బల్బు వెలిగింది. గొట్టానికి ఆవల తగిలిస్తే వెలగలేదు. రోగం ఆ జానెడు చోట్లోనే ఉందన్నమాట! గొట్టం వెనక్కి తీస్తే, పైతొడుగు నిక్షేపంలా ఉంది, లోపలి రాగి మాత్రం విరిగింది. మెత్తటి కొత్త తీగ అతికాక టక్కున తెరుచుకుంది.

ఆ టక్కుమనే చప్పుడు వెనక రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. 1825లో విలియం స్టర్జన్ అనే ఆయన ఇనపముక్కని గుర్రపునాడాలా వంచి, దానికి రాగితీగ చుట్టి, కరెంటు పారించాడు. 200 గ్రాముల ఆ ముక్క నాలుగు కిలోల బరువు ఎత్తింది. కరెంటు ఆపితే వదిలేసింది. డిక్కీ గడియని లాగేది చిన్న మోటారైనా, తీగచుట్టైనా, లోపల పనిచేసేది ఆ విద్యే. తమాషా ఏమిటంటే, స్టర్జన్ చిన్నప్పుడు చెప్పులు కుట్టే పని నేర్చుకున్నవాడు. బూట్ తెరిచే విద్య బూట్లు కుట్టిన చేతుల్లోంచి వచ్చిందన్నమాట!

ఇంతవరకూ బయటనుంచి తెరవడం గురించే చెప్పాను. లోపల ఉన్నవాళ్లు తెరవాలంటే? 1995లో అమెరికాలో జానెట్ ఫెన్నెల్ అనే ఆవిణ్ణీ, ఆవిడ భర్తనీ దొంగలు వాళ్ల కారు డిక్కీలోనే పెట్టి మూసేశారు. చీకట్లో తడిమి తడిమి, గడియ తీగ దొరకబుచ్చుకుని బయటపడ్డారు. పసిబిడ్డ తల్లి ఆవిడ. అంతటితో ఊరుకోలేదు. లోపలినుంచి తెరిచే పిడి ప్రతి డిక్కీలోనూ ఉండాలని ఏళ్ల తరబడి పోరాడింది. ఇంతలో 1998 వేసవిలో ఆ దేశంలోనే ఆటల్లో డిక్కీల్లోకి దూరిన పదకొండు మంది పిల్లలు చనిపోయారు. చివరికి 2001 సెప్టెంబరు నుంచి, అక్కడ అమ్మే కొత్త కార్ల డిక్కీల్లో చీకట్లో కనిపించే పిడి ఉండితీరాలని నిబంధన వచ్చింది.

అదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2025 మే నెలలో మన విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆగి ఉన్న కారులోకి ఆడుకుంటూ ఎక్కిన నలుగురు పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఎండలో నిలిపిన కారు పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలాంటిదే.

అందుకని కారు కొనేటప్పుడు రంగుతో పాటు ఇదీ అడగండి: డిక్కీ లోపల పిడి ఉందా? ఉంటే అది ఎలా లాగాలో పిల్లలకి చూపించండి. తాళాలు వాళ్లకి అందని మేకుకి తగిలించండి. పిల్లవాడు కనిపించకపోతే వీధంతా పరుగెత్తే ముందు వాకిట్లో ఉన్న కారులోకి, డిక్కీలోకి ఒక్కసారి తొంగిచూడండి.