బగ్గీ టైరు ఒకవైపే ఎందుకు అరుగుతుంది?

బగ్గీ అనే మాట తెలుగువారికి క్రొత్తది కాదు. గుర్రం లాగే తేలికబండికి అది పాతపేరు. కాలక్రమాన ఆ పేరే ఇసుకనేలల మీద పరుగెత్తే మోటారుబండికి వచ్చినది. అక్కడినుండి, రేడియో తరంగాలతో దూరాన నిలబడి నడిపే చిన్న పందెపుబండికి సంక్రమించినది. ఇందులో పదవవంతు కొలత బగ్గీ మూరెడు కంటె కొంచెం పొట్టి. బరువు కిలోన్నర ఉంటుంది. అయినా గంటకు 50 కిలోమీటర్ల వేగం దానికి కష్టం కాదు.

ఇట్టి బండి నాలుగైదు పందాలు పరుగెత్తిన తరువాత దాని టైరును పట్టి చూస్తే తరచు ఒక వింత కనబడుతుంది. లోపలి అంచున బొడిపెలన్నీ అరిగి నున్నబడి ఉంటాయి. వెలుపలి అంచున మాత్రం నిన్న కొన్నట్లే నిలిచి ఉంటాయి. యజమాని మొదట రబ్బరును నిందిస్తాడు. తరువాత మరొక జత కొంటాడు. అదీ అట్లాగే అరుగుతుంది. రబ్బరు నిర్దోషి అని గ్రహించడానికి బండ్ల చరిత్రలోనే వంద సంవత్సరాలకు పైగా పట్టినది. అందుచేత ఆ యజమానిని తప్పుపట్టవలసిన పని లేదు.

చక్రం సరిగా దొర్లుతున్నప్పుడు నేలను తాకిన భాగం ఆ క్షణాన నేలతో సమానంగా నిలిచి ఉంటుంది. కనుక రాపిడి స్వల్పం. చక్రం చూస్తున్న దిక్కు ఒకటి, పోతున్న దిక్కు మరొకటి అయినప్పుడే అది నేలమీద జారి అరుగుతుంది. మన ఎడ్లబండికి ఈ చిక్కు అంతగా లేదు. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు దేనికదిగా తిరుగుతాయి. మలుపులో ఒకటి ఎక్కువ దూరం, ఒకటి తక్కువ దూరం నడుస్తుంది. నాలుగు చక్రాల గుర్రపుబండిలో మాత్రం మలుపు ఒక సమస్య అయినది. ముందు ఇరుసు మొత్తాన్ని నడిమి చీల మీద త్రిప్పితే, పదునైన మలుపులో బండి నిలకడ తప్పి ఒరిగిపోయేది.

మ్యూనిక్ నగరంలో బండ్లు చేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఉపాయం కనిపెట్టినాడు. ఇరుసును కదలనీయక, దాని రెండు కొనలలో ఒక్కొక్క చక్రానికి వేరువేరుగా చీలలు అమర్చినాడు. మలుపుకు లోపలనున్న చక్రం ఎక్కువగాను, బయటనున్నది తక్కువగాను తిరిగేటట్లు చేస్తే, రెండూ ఒకే కేంద్రం చుట్టూ దొర్లుతాయి; ప్రక్కకు జారవు. ఇంగ్లండులో ఆయన ప్రతినిధిగా ఉన్న రుడాల్ఫ్ అకెర్‌మాన్ 1818లో దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఛార్లెస్ డార్విన్ తాతయైన ఎరాస్మస్ డార్విన్ ఇటువంటి ఆలోచనే అంతకు సుమారు అరువది సంవత్సరాల ముందు చేసినాడు. అయినను నేటికీ ఇంజనీర్లు దానిని అకెర్‌మాన్ అమరిక అనే అంటారు. కష్టపడినవానికంటె కాగితం వ్రాయించుకున్నవానికి పేరు దక్కడం విజ్ఞాన చరిత్రలో అరుదు కాదు. 1878లో ఫ్రాన్సుదేశపు ఛార్లెస్ జాంతో ఆ కడ్డీల పొందికను మరింత మెరుగుపరిచినాడు. చేతిలో పట్టే బగ్గీలోను ముందు చక్రాలను త్రిప్పే కడ్డీల వెనుక ఉన్నది ఈ గుర్రపుబండి సూత్రమే.

ఇనుప పట్టా ఉన్నంతకాలం ఈ రేఖాగణితం చాలినది. గాలి నింపిన టైరు వచ్చిన పిమ్మట చాలలేదు. 1845లో రాబర్ట్ థామ్సన్ దీనికి పేటెంటు పొందినా ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ డన్‌లప్ దానిని మరల కనిపెట్టిన తరువాతనే అది లోకమంతా వ్యాపించినది. రబ్బరు సాగుతుంది, వంగుతుంది. ప్రక్కనుండి బలం తగిలినప్పుడు టైరు తాను చూస్తున్న దిక్కుకు సరిగా పోక, కొంచెం ఓరగా పోతుంది. ఈ రెండు దిక్కుల మధ్యనున్న కోణాన్ని 1925లో ఫ్రాన్సులో జార్జి బ్రూయే శాస్త్రచర్చలోనికి తెచ్చినాడు. దీనిని జారుడు కోణం అనవచ్చు. మలుపు తిరగడానికి కావలసిన పట్టు ఈ కోణం వలననే పుడుతుంది, టైరు అరిగేదీ ఈ కోణం వలననే. రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు.

చక్రం నిలువుగా ఉన్నదా, ఒరిగి ఉన్నదా అనేది మరొక ప్రశ్న. 1930 తరువాత అమెరికాలో మారిస్ ఆలీ అనే ఇంజనీరు ముందు చక్రాల వణుకును పోగొట్టడానికి పూనుకున్నాడు. దాని ఫలితంగా 1934 నాటి క్యాడిలాక్, బ్యూయిక్ కార్లలో ముందు చక్రాలను ఒకే ఇరుసుకు బిగించక, ఒక్కొక్కదానిని రెండేసి చేతులతో పట్టినారు. పై చేయి పొట్టి, క్రింది చేయి పొడవు. స్ప్రింగు నొక్కుకున్నప్పుడు చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది. ఆ ఒరుగుడును కాంబరు అంటారు. మలుపులో బండి బయటకు ఒరిగినప్పుడు ఇది టైరును నేలకు సమంగా ఉంచుతుంది. తిన్నని దారిలో మాత్రం లోపలి అంచు మీదనే భారం వేస్తుంది.

ఇక అరుగుదలనే నేరుగా పరిశీలించినవాడు అడోల్ఫ్ షాలమాఖ్. మలయా తోటల రబ్బరు ఉత్పత్తిదారుల ధనంతో ఇంగ్లండులో నడచిన పరిశోధనాలయంలో ఆయన పనిచేసినాడు. రబ్బరును ఒకే దిక్కున రాపాడిస్తే దానిమీద సన్నని గట్లు ఏర్పడతాయనీ, ఆ గట్లు జారిన దిక్కుకు అడ్డంగా ఉంటాయనీ ఆయన 1950 ప్రాంతంలో విపులంగా చూపినాడు. అంటే అరిగిన రబ్బరు తాను ఎటు జారినదో తనమీదనే వ్రాసి ఉంచుతుంది. 1960లో టర్నర్‌తో కలిసి ఆయన మరొక సూత్రం ప్రకటించినాడు: చిన్న కోణాలలో, ఓరగా దొర్లే చక్రం అరుగుదల జారుడు కోణపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. కోణం రెండింతలైతే అరుగుదల నాలుగింతలు.

రేడియోతో నడిచే కార్ల వ్యాపారం పుట్టినది కూడ ఆ దశాబ్దంలోనే. 1966లో ఇటలీలోని ఎల్‌జీ సంస్థ 12వ వంతు కొలతతో ఒక ఫెరారీని అమ్మకానికి పెట్టినది. అంతకు రెండేళ్ళ ముందు, 1964లో, కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ ఫోక్స్‌వాగన్ భాగాలమీద ఫైబర్‌గ్లాసు ఒడలు అమర్చి మేయర్స్ మాంక్స్ అనే ఇసుకబగ్గీని చేసినాడు. ఈ రెండు పాయలు 1979లో కలిసినవి. జపానుదేశపు తమియా సంస్థ రఫ్ రైడర్, సాండ్ స్కార్చర్ అనే చిన్న బగ్గీలను తెచ్చినది. వాటి ముందు చక్రాల అమరిక ఫోక్స్‌వాగనుకు అనుకరణ. చేతులు వెనుకకు చాచి ఉంటాయి కనుక, చక్రం ఎగిరిపడినా దాని ఒరుగుడు మారదు. 1984లో అమెరికాలో అసోసియేటెడ్ సంస్థ తెచ్చిన ఆర్‌సీ10 బొమ్మవలె గాక పందెం కొరకే పుట్టినది. బంగారు రంగు అల్యూమినియం తొట్టె, నూనె నింపిన డాంపర్లు, నాలుగు చక్రాలకూ వేరువేరు చేతులు. ఈ తరహా బగ్గీలలో పై కడ్డీ పొడవు మార్చి కాంబరును ఇష్టమైనట్లు దిద్దుకోవచ్చు. దిద్దుకొనే వీలు వచ్చినప్పుడే తప్పుగా దిద్దే వీలు కూడ వచ్చినది.

లోపలి అంచు అరుగుదలకు తొలి అనుమానితుడు కాంబరే. ఒకటి రెండు డిగ్రీలు లోపలికి ఒరగడం మామూలు. అయితే చాలామంది బండిని చేతిలో ఎత్తి పట్టుకొని కొలుస్తారు. అప్పుడు చక్రాలు క్రిందికి వ్రేలాడుతూ ఉంటాయి. బ్యాటరీతో సహా నేలమీద పెట్టి, ఒకసారి నొక్కి వదిలిన తరువాత కొలిస్తే, పొట్టి పై చేయి తన పని చేసి, ఒరుగుడు ఎక్కువగా కనబడుతుంది. కుడి ఎడమలు రెండూ ఒకే తీరున అరిగితే అమరికను సందేహించాలి. ఒక్కటే అరిగితే వంగిన కడ్డీనో, వదులైన బేరింగునో వెదకాలి.

వెనుక చక్రాల సంగతి వేరు. వాటి ముందు కొనలు లోపలికి చూచేటట్లు సుమారు మూడు డిగ్రీలు త్రిప్పి ఉంచడం పరిపాటి. దీనిని టో-ఇన్ అంటారు. మెత్తని మట్టిలో మోటారు ఒక్కసారిగా లాగినప్పుడు తోక ప్రక్కకు పోకుండా ఇది కాపాడుతుంది. అయితే షాలమాఖ్ లెక్క ఇక్కడ గుర్తుకు రావాలి. పావు డిగ్రీకి మూడు డిగ్రీలు 12 రెట్లు, వర్గం 144. కిలోన్నర బరువు, మెత్తని నేల అయినందున బగ్గీ బ్రతికిపోతున్నది. గరుకునేల మీద ఆ టైరు ఎంతోకాలం మన్నదు. టో-ఇన్ వలన కలిగిన అరుగుదలను వ్రేలితోనే గుర్తించవచ్చు. బొడిపెల వెలుపలి అంచులు గుండ్రబడి, లోపలి అంచులు వాడిగా మిగులుతాయి. వెలుపలినుండి లోపలికి నిమిరితే నునుపు, లోపలినుండి వెలుపలికి నిమిరితే గరుకు.

నడుమ మాత్రమే అరిగితే కారు నడిపేవాడు గాలి ఎక్కువైనదంటాడు. ఆ తీర్పు బగ్గీకి పనికిరాదు. దాని టైరులో గాలి నింపరు. లోపల స్పాంజి వలయం ఉంటుంది, గాలి బయటకు పోవడానికి రంధ్రం కూడ ఉంటుంది. కారణం వేగంలో ఉన్నది. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వ్యాసం గల టైరు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 3,100 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఉన్న రబ్బరును బయటకు లాగే బలం ఆ రబ్బరు బరువుకు 450 రెట్లకు మించుతుంది. అదే వేగంలో కారు టైరుకు అది 65 రెట్లు మాత్రమే. కనుక టైరు నడుమ ఉబ్బి, అంచులు నేలను వదులుతాయి. ఎగిరినప్పుడు గాలిలో తిరిగే చక్రం మరింత ఉబ్బుతుంది. ఇందుకు విరుద్ధంగా స్పాంజి నలిగి చచ్చిపోతే, మలుపులో టైరు ప్రక్క గోడ మడతపడి వెలుపలి అంచు నేలను రాచుకుంటుంది. ఆ గుర్తును టో-ఇన్ గుర్తు అని పొరబడి కడ్డీలు త్రిప్పుతూ కూర్చునేవారు ఉన్నారు. టైరును వ్రేళ్ళతో నొక్కి చూస్తే తేలిపోయే విషయం ఇది.

అరిగిన టైర్లను కుడి ఎడమలకు మార్చే అలవాటు పందెగాళ్ళలో ఉన్నది. తిరిగే దిక్కు తారుమారు అవుతుంది కనుక, బొడిపెల అరగని ముఖం ముందుకు వచ్చి పట్టు కొంత మెరుగవుతుంది. ఒకవైపు అరుగుదలకు మాత్రం ఇది మందు కాదు. చక్రాన్ని ఎటు మార్చినా దాని లోపలి అంచు బండి లోపలివైపునే ఉంటుంది.