బోస్టను నగరమున మడ్డి వెల్లువ

తీపి పదార్థము ప్రాణము తీయునని చెప్పినచో నమ్మువారు అరుదు. నీటి వరదలను, అగ్నిప్రమాదములను, గనులు కూలుటను మనమెరుగుదుము. కాని 1919వ సంవత్సరము జనవరి 15వ తేదీ మధ్యాహ్నమున అమెరికాలోని బోస్టను నగరమున ఒక పేటను ముంచినది చెరకు మడ్డి. ఆ ప్రమాదమున 21 మంది మరణించిరి. సుమారు 150 మంది గాయపడిరి. ఈ వృత్తాంతము వినుటకు వింతగా తోచును గాని, దీనిని వింతకొరకు చెప్పుకొనరాదు. కన్నులకు కనబడుచున్న కీడును కప్పిపుచ్చినచో ఏమగునో, ఆ కప్పిన దానిని విప్పుటకు సామాన్యులెంత పాటుపడవలసివచ్చెనో ఇందు తెలియుచున్నది.

చెరకు రసమునుండి చక్కెర తీయగా మిగిలిన నల్లని చిక్కని ద్రవమే మడ్డి. దీనినే మొలాసిస్ అందురు. దానిని పులియబెట్టి ఆల్కహాలు తీయుదురు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున మందుగుండు తయారుచేయుటకు ఈ ఆల్కహాలు విరివిగా కావలసివచ్చెను. కరిబియను దీవులనుండి ఓడలమీద వచ్చు మడ్డిని నిలువచేయుటకై ప్యూరిటీ డిస్టిల్లింగ్ కంపెనీ 1915లో బోస్టను రేవు చెంత, నార్త్ ఎండ్ అను పేటలో ఒక ఉక్కు తొట్టిని కట్టించెను. దాని యెత్తు 50 అడుగులు. అడ్డుకొలత 90 అడుగులు. ఆ పేటలో ఇటలీనుండి వలసవచ్చిన బీద కుటుంబములు కిక్కిరిసి జీవించుచుండెను. వారిలో పెక్కురు ఇంకను పౌరసత్వము పొందనివారు. అందుచేత నగర రాజకీయములలో వారి మాటకు బలము లేకుండెను.

నిర్మాణమును పర్యవేక్షించిన ఆర్థర్ జెల్ లెక్కల వ్యవహారము లెరిగినవాడే కాని ఇంజనీరు కాడు. తొట్టిని నీటితో నింపి పరీక్షింపవలసియుండగా, అడుగున ఆరంగుళముల నీరు మాత్రము నింపి అంతటితో చాలించిరి. మడ్డి పోసిననాటినుండియు అతుకులవెంట కారుచునేయుండెను. పేటలోని పిల్లలు ఆ కారిన మడ్డిని గిన్నెలలో పట్టుకొనిపోవుచుండిరి. తొట్టి నిలుచునట్లు లేదని పనివాడొకడు పైవారికి మొరపెట్టుకొనెను. కంపెనీవారు అతుకులకు పైపై మరమ్మతులు చేసి, కారుడు కంటబడకుండ తొట్టికి మడ్డి రంగునే పూయించిరి. లోపము తొలగలేదు, కనబడుట మాత్రము మానినది.

ఆనాడు తొట్టిలో సుమారు 23 లక్షల గాలన్ల మడ్డి యుండెను. కొన్ని దినముల తీవ్రమైన చలి తరువాత కొంత ఎండ కాయగా జనులు బయట కూర్చుండి మధ్యాహ్న భోజనము చేయుచుండిరి. ఒంటిగంట కావచ్చు సమయమున తొట్టి ఒక్కసారిగా పగిలెను. దాదాపు 25 అడుగుల యెత్తు కెరటము గంటకు 35 మైళ్ళ వేగముతో వీధులపై విరుచుకుపడెను. ఇండ్లు పునాదులనుండి కదలెను. అగ్నిమాపక కేంద్రము కూలెను. వీధిపైన నడచు రైలుమార్గపు ఉక్కు స్తంభములు వంగిపోయెను. పనివారును, బండ్లు లాగు గుఱ్ఱములును, మడ్డి ఏరుకొనవచ్చిన చిన్నపిల్లలును దానిలో చిక్కుకొనిరి.

రేవులోనున్న ఓడ నావికులు ముందుగా పరుగెత్తివచ్చిరి. కాని మోకాలిలోతు మడ్డిలో అడుగు తీసి అడుగు వేయుటయే వారికి దుస్సాధ్యమయ్యెను. బెల్లము వండుచోట పాకము చేతికంటినపుడు వదలించుకొనుట ఎంత కష్టమో మన రైతులెరుగుదురు. ఇక వీధి వీధియంతయు అట్టి జిగటతో నిండినచో చెప్పవలెనా! చలికి మడ్డి మరింత గట్టిపడి చిక్కినవారికి ఊపిరాడనీయలేదని 2016లో శాస్త్రజ్ఞులు వివరించిరి. వీధులను శుభ్రపరచుటకు వారములు పట్టెను. సముద్రపు ఉప్పునీటితో కడిగినగాని ఆ జిగట వదలలేదు.

బాధితులు న్యాయస్థానము నాశ్రయించిరి. నూటికి పైగా దావాలను కలిపి విచారించుటకు హ్యూ ఆగ్డెన్ అను న్యాయవాదిని నియమించిరి. అరాచకవాదులు బాంబు పెట్టిరని కంపెనీ వాదించెను. ఆ కాలమున అట్టి భయము దేశమంతట నుండుటచే ఆ మాట నమ్మదగినట్లే తోచెను. కాని ఆగ్డెన్ ఏండ్ల తరబడి వందలాది సాక్షులను ఓపికతో విచారించి, 1925లో తీర్పు చెప్పెను: బాంబు లేదు, తొట్టి బలహీనమైనది, బాధ్యత కంపెనీదే. కంపెనీ 6 లక్షల డాలర్లకు మించి పరిహారము చెల్లించెను. తొట్టి ఉక్కు పలకలు ఆ బరువునకు కావలసిన దళములో సగమే యున్నవని ఇటీవలి పరిశోధన తేల్చినది.

ఆ తొట్టిని మరల కట్టలేదు. ఆ ప్రదేశమున నేడు ఉద్యానవనము, ఒక చిన్న స్మారక ఫలకము కలవు. అంతకంటె గొప్ప స్మారకము శాసనములలో నిలిచినది. పెద్ద కట్టడములకు అర్హుడైన ఇంజనీరు లెక్కలు కట్టి సంతకము చేసి అధికారులకు దాఖలు చేయవలెనను నియమము బోస్టనులో ఏర్పడి, క్రమముగ ఇతర ప్రాంతములకు వ్యాపించెను.

ఇది దూరదేశపు పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మన విశాఖపట్టణమున ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది ప్రాణములు గొనెను. అచ్చటను తొట్టి చెంతనే జనావాసములుండెను. అచ్చట జనులు నిదురలోనుండిరి.

బోస్టను పేదలకు ధనబలము లేదు. వారిని గెలిపించినవి న్యాయస్థానమున వ్రాతకెక్కిన సాక్ష్యములు. చూచినది చెప్పుట, చెప్పినది వ్రాసియుంచుట, వ్రాసినది పదుగురు చదువుట, ఈ మూడును జరుగుచోట కీడుపై రంగు పూసి దాచుట కష్టము. ఇరువదియైదేండ్లుగా మన ఊరివారిచే చదివించుచున్న ఈ గ్రంథాలయము చేయుచున్న పనియు అదియే. ఈ దీపము చిరకాలము వెలుగుగాక!