పొగ పోయాక వచ్చిన తెర

అనంతపురం పల్లెల పాత మట్టిమిద్దెల్లో చాలా వంటిళ్లకు గోడకు కిటికీ ఉండేది కాదు. వెలుతురు నెత్తిమీది నుంచి దిగేది. దూలాలు, దంతెలు పరిచి పైన చౌడుమట్టి కప్పిన మిద్దెలో పొయ్యికి దగ్గరగా ఒక సందు వదిలేవారు. అదే గవాక్షి. పొయ్యి పొగ పైకి పోయేదీ, పగటి వెలుగు కిందికొచ్చేదీ దాంట్లోంచే. మబ్బు పట్టిందంటే ఎవరో ఒకరు మిద్దెక్కి బండో, రేకో దాని మీదికి జరిపేవారు. ఈ సీమలో వంటింటి కిటికీకి పడిన మొదటి తెర ఆ బండే అంటాను.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల కాబట్టే కప్పుకు కన్నం పెట్టుకోగలిగారు. కోస్తాలో ముసురు పట్టి రోజుల తరబడి కురిసే చోట ఆ పని చేస్తే పొయ్యి ఆరిపోతుంది. పైగా ఊళ్లో ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టుకున్నవి. పక్కగోడకు కిటికీ పెడదామన్నా అవతల ఇంకొకరి ఇల్లే. వీధి వైపు తెరిస్తే ఎండాకాలం వడగాలి, ఆషాఢంలో దుమ్ము. మందపు గోడలు మూసుకుని కప్పులో చిన్న కన్నంతో బతకడం పేదరికం కాదు, ఈ వాతావరణం తెలిసినవాళ్ల కట్టుబడి.

వట్టివేళ్ల తడికల కథ వేరు. అక్బరు కాలం నుంచీ వాడుకలో ఉన్న ఆ తడికలను తర్వాత ఇంగ్లీషు దొరలు తమ బంగళాల తలుపులకు, కిటికీలకు కట్టించుకున్నారు. గాలి ఎంత పొడిగా ఉంటే తడి తడిక అంత చల్లదనం ఇస్తుంది. ఆ లెక్కన అనంతపురం దానికి తగిన చోటే. కానీ గంటగంటకూ నీళ్లు చల్లాలి. బిందె నీళ్ల కోసం మైళ్లు నడిచిన ఊళ్లలో ఆ నీళ్లు ఎవరు పోస్తారు? తడికలు అధికారుల గదులు దాటి మన వంటింటి దాకా రాలేదు.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి సిమెంటు స్లాబు. ఇళ్లు విడివిడిగా లేచాయి, వంటింటి గోడ బయటి గోడయింది, కూర్చుని వండే పొయ్యి పోయి నిలబడి వండే బండ వచ్చింది, దాని ముందు కిటికీ వచ్చింది. రెండోది గ్యాసు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. కట్టెలు, కంపతో వండే వంటింట్లో గుడ్డ తెర కడితే నాలుగు రోజుల్లో మసిగుడ్డవుతుంది. పొగ పోయాకే అక్కడ తెర అన్న ఊహకు చోటు దొరికింది. అందుకే మన వంటింటి కర్టెన్ వయసు చాలా చిన్నది.

చిన్నది కాబట్టే దాన్ని ఇంకా హాలు కర్టెన్ కొన్నట్టే కొంటున్నాం. వెడల్పాటి వంటింటి కిటికీకి నేల దాకా జారే పాలిస్టరు తెర వేస్తే, జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి దాన్ని నేరుగా స్టవ్ మీదికి తోస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి అది. పాలిస్టరు మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఈ ఒక్క మాటా ఇల్లు కట్టే ప్రతివాళ్లకూ చెప్పాలనిపిస్తుంది.

ఎండ సంగతీ చూడాలి. అనంతపురం ఇంచుమించు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆగస్టు రెండో వారంలో మళ్లీ వస్తాడు. ఆ మధ్య కాలమంతా మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం వైపు నుంచే పడుతుంది. ఉత్తరపు కిటికీకి ఎండ రాదనుకుని నీడ లేకుండా వదిలేయడం ఇక్కడ చెల్లదు. నడినెత్తి ఎండను సన్‌షేడు ఆపుతుంది. గోడలోంచి బయటికి తీసిన తాడిపత్రి నాపబండ కూడా ఆ పని చేస్తుంది. పడమటి కిటికీకి అది చాలదు, సాయంత్రపు ఎండ బండ కిందినుంచే దూరుతుంది. అక్కడ కిటికీ బయట వెదురు తెర వేలాడదీయాలి, లేదా ఎదురుగా కానుగ చెట్టు పెంచాలి. అద్దం దాటి లోపలికొచ్చిన వేడిని లోపలి తెర చాలావరకు వెనక్కి పంపలేదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును వెలుగు పారేంత పలచగా చేసి దీపపు గొడుగులు, గుమ్మానికి వేలాడే బొమ్మలు చేస్తున్నారు. ఆ కళకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వాటి రంగుల్లోంచి వచ్చే వెలుతురు చూసి వంటింటి కిటికీకి కట్టాలని మనసవుతుంది. కట్టకండి. ఆవిరి తగిలితే తోలు ముడుచుకుపోతుంది. ముందుగదిలో, గాజు వెనక దానికి మంచి చోటుంది.

వంటింటికి నా ఎంపిక ఇది. బయట సన్‌షేడు, చౌకట్టుకు ఊడదీసి కడుక్కునే దోమల జాలీ, లోపల స్టవ్‌కు దూరంగా ఉండే సగానికి మాత్రం పొట్టి నూలు తెర. స్టవ్ ఎదుటి సగానికి గుడ్డే వద్దు, గరుకు గాజు తలుపు చాలు. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు మేస్త్రీని పిలిచి సన్‌షేడు వేయించండి. కర్టెన్ వచ్చే సంక్రాంతికి కొనుక్కోవచ్చు.