బేగంపేట లోలకాలు

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు అడవుల కింద భూమి కదిలింది. తీవ్రత 5.3. అప్పుడు నేను బేగంపేటలో మా ఇంట్లో కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. కుర్చీని వెనుకనుంచి ఎవరో మెల్లగా తోసి వదిలినట్లనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. పై అంతస్తులో ఉండే పెద్దాయన మెట్లు దిగి వచ్చి, "బాబూ, మీకూ ఊగిందా? నాకే కళ్ళు తిరిగాయేమో అనుకున్నాను" అన్నారు.

ఆ సమయంలో నా చరవాణి బల్ల మీదే ఉంది. దానిలో త్వరణాన్ని కొలిచే పరికరమూ ఉంది, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరమూ ఉంది. వాటితో కొలతలు తీయడం నాకు కొంతకాలంగా ఉన్న వ్యసనం. అయినా ఆ రోజు నా దగ్గర ఒక్క అంకె కూడా మిగలలేదు. కారణం చిన్నదే. అది జరిగినప్పుడు నేను దాన్ని తెరిచి ఉంచలేదు.

ఈ చిన్న లోటు నన్ను మా ఇంటికి నడచిపోయే దూరంలో ఉన్న ఒక పాత ఆవరణలోకి తీసుకుపోయింది. అమీర్‌పేట, పంజగుట్టల మీదుగా రోజూ తిరిగేవారిలో చాలామందికి ఆ ఆవరణ, సామాజిక ఆర్థిక అధ్యయన కేంద్రం ఉన్న చోటుగానే తెలుసు. అక్కడి పాత గుమ్మటాలు మాత్రం నిజామియా వేధశాలవి.

*

ఇంగ్లండులో చదువుకుని వచ్చిన జాఫర్ జంగ్ అనే నవాబు, సొంత డబ్బుతో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో ఈ వేధశాలను ప్రారంభించాడు. 1907లో ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం దీన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్ తొలి డైరెక్టరుగా వచ్చిన తరువాత పరికరాలు బేగంపేట చేరాయి. ఆకాశం మొత్తాన్ని ఛాయాచిత్రాలుగా తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ ప్రణాళికలో హైదరాబాదుకూ ఒక వాటా దక్కింది. పోకాక్, ఆయన తరువాత 1918 నుంచి 1944 వరకు టి.పి. భాస్కరన్ ఆ పనిని నడిపించారు. 7.6 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఈ బేగంపేటలో లెక్కకెక్కాయి. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది.

నక్షత్రాల సంగతి చాలామంది రాశారు. నేను చెప్పదలచుకున్నది ఆ ఆవరణలోనే, పైకి చూడకుండా కిందికి చెవి ఒగ్గి కూర్చున్న మరో యంత్రం గురించి. భాస్కరన్ గారి కాలంలో అక్కడ మిల్న్-షా భూకంపలేఖిని పనిచేసేది. అందులో ఒక అడ్డదూలం, దాని కొసన ఒక పౌను బరువు ఉంటాయి. తలుపు రెక్క బందుల మీద తిరిగినట్లుగా అది పక్కలకు ఊగుతుంది. ఒక్క ఊపుకు సుమారు 12 సెకండ్లు. నేల కదిలినప్పుడు బరువు తన జడత్వం కొద్దీ ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడాను ఒక చిన్న అద్దం పట్టుకుని, కాంతిరేఖను తిప్పి, నిదానంగా తిరిగే డ్రమ్ము మీది ఛాయాచిత్ర కాగితంపై గీస్తుంది. నేల కదలిక సుమారు 250 రెట్లు పెద్దదై కాగితం మీదికి వస్తుంది. ఒకసారి ఊగిన లోలకం అలా ఊగుతూనే ఉంటే తరువాతి కదలిక తెలియదు కదా! అందుకని ఒక లోహపు రేకును అయస్కాంతాల మధ్య కదిలేటట్లు అమర్చి ఆ ఊపును అణచివేశారు. త్వరణమూ అయస్కాంతమూ ఒకే పెట్టెలో అలా కాపురం చేశాయి.

*

నా చరవాణిలో ఉన్నదీ వంశం రీత్యా ఆ లోలకానికి మనుమడే. సిలికాన్ పలకలో చెక్కిన, కంటికి ఆనని ఒక బరువు. దాన్ని పట్టి ఉంచే సన్నని సిలికాన్ స్ప్రింగులు. దువ్వెన పళ్ళలా ఒకదానిలో ఒకటి దూరిన రేకులు. బరువు జరిగితే పళ్ళ మధ్య ఎడం మారుతుంది, దానితో విద్యుత్ ధారణశక్తి మారుతుంది. అదే మన కొలత. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ వంటి అనువర్తనాలు ఆ అంకెలను గీతగా చూపిస్తాయి. ఫోనును బల్ల మీద కదలకుండా పెడితే సున్నా రాదు, 9.8కి దగ్గరగా వస్తుంది. అది గురుత్వం. హైదరాబాదు అక్షాంశానికీ ఎత్తుకూ లెక్క కడితే రావలసింది 9.78. నా ఫోను చూపేది 9.83. లెక్క నమ్మాలా, ఫోనును నమ్మాలా అంటే లెక్కనే. ప్రతి పరికరానికీ పుట్టుకతో వచ్చిన తప్పు కొంత ఉంటుంది. దాన్ని తెలుసుకోవడమే కొలత విద్యలో మొదటి పాఠం.

రెండవ పాఠం నాకు మెట్రోలో దొరికింది. బేగంపేటలో ఎక్కి, ఫోనును ఒళ్ళో బిగపట్టుకుని, రైలు కదిలినప్పటినుంచి అమీర్‌పేటలో ఆగేదాకా త్వరణాన్ని నమోదు చేశాను. బయలుదేరేటప్పుడు సెకండుకు సెకండుకు 0.8 మీటర్ల దాకా వచ్చింది. త్వరణాన్ని కాలంతో కలుపుకుంటూ పోతే వేగం రావాలి. వచ్చింది కూడా. కానీ రైలు ఆగి, తలుపులు తెరుచుకుని, జనం దిగిపోతున్నా నా లెక్క ప్రకారం నేనింకా నడక వేగంతో ముందుకు పోతూనే ఉన్నాను! 0.02 పాటి తప్పు, నిమిషం పాటు పేరుకుంటే గంటకు 4 కిలోమీటర్ల వేగమవుతుంది. చిన్న తప్పును తెలిసి వదిలేసినవాడి గతి ఇదే.

*

అయస్కాంతం కథ మరీ విచిత్రం. హైదరాబాదులో భూమి అయస్కాంత క్షేత్రం 42, 43 మైక్రోటెస్లాల ప్రాంతంలో ఉంటుంది. ఇంట్లో ఇనుప బీరువాకు దూరంగా నిలబడితే నా ఫోను దాదాపు అంతే చూపిస్తుంది. మెట్రో స్టేషను మెట్లెక్కుతుంటే 30కి పడిపోతుంది, 60కి లేస్తుంది. ఇది తీగల్లోని కరెంటు మహిమ అనుకున్నాను మొదట. కాదు. మన మెట్రోకు ఇచ్చేది 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకండుకు 50 ఆవృత్తాలు చేసే ఆ క్షేత్రాన్ని ఫోను సరిగా పట్టలేదు. అది చూపేది ఎక్కువగా కాంక్రీటులోని ఇనుప చువ్వలను, రైలు పెట్టెల ఉక్కును.

ఫోను పట్టలేకపోయినా సున్నితమైన పరికరం పడుతుంది. దీనికి మన దేశంలో పాత ఉదాహరణ ఉంది. బొంబాయిలోని కొలాబా వేధశాలలో 1841 నుంచి అయస్కాంత పరిశీలనలు జరిగేవి. గుర్రపు ట్రాముల స్థానంలో విద్యుత్ ట్రాములు రాబోతున్నాయని తెలిసి, డైరెక్టరు నానాభాయ్ మూస్ సముద్రానికి ఆవల అలీబాగులో 1904లో కొత్త వేధశాల కట్టించాడు. ఇనుము లేని కట్టడం. రెండేళ్ళ పాటు రెండుచోట్లా కలిపి కొలతలు తీశారు, పాత వరుసకూ కొత్త వరుసకూ ముడి తెగకుండా. 1907లో బొంబాయిలో విద్యుత్ ట్రాము నడిచింది.

హైదరాబాదులోనూ అదే జరిగింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉప్పల్ రోడ్డులోని తన ఆవరణలో 1964లో అయస్కాంత వేధశాలను నెలకొల్పింది. ఊరు దాని చుట్టూ పెరిగింది. విజయవాడ దారిలో చౌటుప్పల్ వద్ద ప్రశాంతమైన చోట మరో వేధశాల కట్టుకోవలసి వచ్చింది. 2017 నవంబరులో ప్రారంభమైన నాగోలు-అమీర్‌పేట మెట్రో మార్గంలో బేగంపేట ఒక స్టేషను. ఆ సంస్థ పేరుతోనే మరొక స్టేషను. నిజామియాదీ అదే దారి. ఊరి దీపాల వెలుగును తప్పించుకుని ఉస్మానియా వారు జపాల్-రంగాపూర్ వెళ్ళి, 1968లో అక్కడ 48 అంగుళాల దూరదర్శిని నిలిపారు. చీకటి కావలసినవారూ, నిశ్శబ్దం కావలసినవారూ నగరాన్ని వదిలి వెళ్ళారు. వెలుగూ చప్పుడూ కావలసిన మనం మిగిలాం.

*

ఇంతకీ ఆ డిసెంబరు ఉదయం నా ఫోను తెరిచి ఉన్నా ఏమైనా దొరికేదా? ములుగు ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరంనుంచి వచ్చిన కంపం నా ఫోనులోని సహజమైన గరగరలో కలిసిపోయి ఉండేదేమో. ఒంటరి ఫోను బలహీనురాలు. కానీ లక్షల ఫోనులు కలిస్తే సంగతి వేరు. 2023 సెప్టెంబరులో గూగుల్ మన దేశంలో ప్రవేశపెట్టిన భూకంప హెచ్చరిక అలాంటిదే. కదలకుండా ఛార్జింగులో ఉన్న ఫోనులు ఒకేసారి ఊగితే, ఆ వార్త కంపం కంటే ముందు పక్క ఊళ్ళకు చేరుతుంది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున లాతూరు ప్రాంతంలో నిద్రలోనే దాదాపు 10,000 మంది పోయారు. కంపం పుట్టిన చోటనే ఉన్నవారికి ఈ హెచ్చరిక అందే వ్యవధి ఉండదు. కాస్త దూరాన ఉన్నవారికి మాత్రం కొన్ని సెకండ్లు దక్కవచ్చు. మంచం దిగి వాకిలి దాటడానికి ఒక్కొక్కసారి అవే చాలు.

రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా జాడ చూసిన బేగంపేట ఇది. చిన్న వస్తువులో పెద్ద సంగతి చూడడం ఈ నేలకు కొత్త కాదు. అయితే రాస్ చూసింది వరుసగా దోమ తరువాత దోమను. భాస్కరన్ గారి లోలకం గీసింది ఏమీ జరగని రాత్రులను కూడా. ఎవరో ఒకరు రోజూ ఆ కాగితం మార్చి, తేదీ వేసి, భద్రపరిచారు. ఏమీ జరగని ఆ గీతలు ఉన్నందువల్లనే జరిగిన రోజు గీత అర్థమయింది. నా జేబులో ఉన్న పరికరం ఆ యంత్రం కంటే వేల రెట్లు చిన్నది. లోపమల్లా కాగితం మార్చే ఆ మనిషి నాలో లేకపోవడమే.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పాత ఫోను, తెర పగిలినది, నేల మీద గోడ మూలన ఛార్జింగులో పడి ఉంటుంది. పై అంతస్తు పెద్దాయన అప్పుడప్పుడు వచ్చి, "ఏమన్నా ఊగిందా బాబూ?" అని అడుగుతారు. "లేదండీ" అంటాను. ఆ లేదు అన్నమాటను తేదీ వేసి రాసుకుంటున్నాను.