స్వచ్ఛంద రంగ జాతీయ విధానం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

స్వచ్ఛంద సంస్థలతో ప్రభుత్వం ఎలా మెలగాలో చెబుతూ కేంద్ర మంత్రివర్గం 2007 మే నెలలో ఆమోదించిన పత్రమే స్వచ్ఛంద రంగ జాతీయ విధానం. దీన్ని ప్రణాళికా సంఘం రూపొందించింది. సంస్థలు స్వతంత్రంగా పనిచేసే వాతావరణం, దేశవిదేశాల నుంచి న్యాయంగా నిధులు తెచ్చుకునే వీలు, ప్రభుత్వంతో పరస్పర గౌరవం, పాలనలో పారదర్శకత దీని లక్ష్యాలు. బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్య కార్యక్రమాల్లో వలంటీర్లను ప్రోత్సహించాలనీ చెప్పింది. అయితే ఇది చట్టం కాదు. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ, ఆ డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించి, పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. విధానం మాట ఇచ్చిన పరస్పర విశ్వాసం ఇందులో కనిపించదు.

రిజిస్టరైన సంస్థలనే కాక, నిర్దిష్ట లక్ష్యాలున్న అనధికారిక బృందాలను కూడా ఈ విధానం స్వచ్ఛంద సంస్థలుగా లెక్కిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలకు సంబంధించినంత వరకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ఇక్కడ, పొరుగున నిజామాబాద్, నిర్మల్ జిల్లాల్లోనూ, బలమైన స్వచ్ఛంద వ్యవస్థ గ్రామాభివృద్ధి కమిటీ. జనం నోట అది వీడీసీ. ఒక్కో కులం నుంచి పెద్దమనుషులు సభ్యులవుతారు, సాధారణంగా అందరూ మగవాళ్లే. చందాలు, బెల్టు షాపుల వేలం, చేపల చెరువుల వంటి వాటి నుంచి డబ్బు సమకూరుతుంది. ఆ డబ్బుతో గుడి కడతారు, బడికి గదులు వేస్తారు, బోర్లు తవ్విస్తారు. ప్రభుత్వ నిధి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా ఊరు తన పని తాను చేసుకోవడం చిన్న విషయం కాదు, దాన్ని గౌరవించి తీరాలి.

కానీ అదే కమిటీ దండుగ వేస్తుంది. కట్టనివాళ్లను, మాట విననివాళ్లను ఊరి నుంచి వెలివేస్తుంది. వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, కిరాణం ఇవ్వకూడదు, పనికి పిలవకూడదని చాటింపు వేయిస్తుంది. బెదిరించి రాబట్టిన చందా స్వచ్ఛందం కాదు. ఎన్నికైన పంచాయతీకి సమాంతరంగా నడిచే ఈ కమిటీలను పోలీసులు, అధికారులు పలుమార్లు హెచ్చరించారు, కేసులూ పెట్టారు. ఇతర కులాలవాళ్లు దళితులను, గిరిజనులను వెలివేస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. మిగతా బాధితులకు అంత సూటైన రక్షణ లేదు.

లెక్క చెప్పే అలవాటు ఈ నేలకు కొత్తేమీ కాదు. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అంటే సెస్‌లో, కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు, పాలకవర్గాన్ని ఓటుతో ఎన్నుకుంటారు. ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు పొదుపు సంఘంలో ప్రతి రూపాయినీ పుస్తకంలోకి ఎక్కిస్తారు, తీర్మానం రాసి సంతకాలు పెడతారు. వీటిని విధానం చెప్పే అర్థంలో స్వచ్ఛంద సంస్థలని అనలేం గానీ, అది కోరిన పారదర్శకతకు ఊళ్లోనే ఉన్న నమూనాలివి. ఆ ఆడవాళ్లకు వీడీసీలో చోటు లేకపోవడం పెద్ద లోటు.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఆపై ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు చూపాలి. వీడీసీలన్నీ ఈ దారికి రావాలి, మహిళలను సభ్యులుగా తీసుకోవాలి, జమాఖర్చులు గ్రామసభ ముందు పెట్టాలి. పొరుగున ఉన్న మహారాష్ట్ర సాంఘిక బహిష్కరణను నేరంగా పరిగణిస్తూ 2016లో చట్టం తెచ్చింది. తెలంగాణ శాసనసభ కూడా అలాంటి చట్టం చేయాలి.